ఆపేయాల్సిన క్షణం ఎందుకు దాటిపోతుంది: వీలింగ్ నుంచి ఎవరెస్ట్ దాకా

క్లుప్తంగా: ప్రాణాల మీదకు తెచ్చే విన్యాసాలకు దిగేవాళ్లలో ఎక్కువమందికి చావాలని ఉండదు, భయం తెలియకా కాదు. వాళ్లను లాగేది ఉద్వేగం, పట్టు చిక్కిన అనుభూతి, చూసేవాళ్ల మెప్పు. చంపేది మాత్రం వేరు. మధ్యలో ఆపి వెనక్కి వచ్చే దారి మూసుకుపోవడమే చాలా ప్రమాదాలకు మూలం. ఆ దారిని జనం, డబ్బు, పాత విజయాలు ఎలా మూసేస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి దేవనహళ్లి వైపు వెళ్లే రోడ్డు ఖాళీగా ఉంటుంది. విమానం అందుకోవడానికి క్యాబ్‌లో పోతున్నవాళ్ల పక్కనుంచి ఒక స్కూటరు ముందు చక్రం గాల్లోకి లేపి, అంటే వీలింగ్ చేస్తూ, దూసుకుపోతుంది. దాని వెంటే ఇంకో బండి, దాని మీద వెనక కూర్చుని ఫోన్‌తో వీడియో తీసే స్నేహితుడు. ‘వీడికేం పోయేకాలం’ అనే మాట క్యాబ్‌లోంచి రాకుండా ఉండదు. అదే పొద్దున నగరానికి 50 కిలోమీటర్ల దూరంలో, రామనగర బండల దగ్గర ఇంకో గుంపు తాళ్లు విప్పుతూ ఉంటుంది. అందులో కడప, కర్నూలు నుంచి వచ్చి ఐటీ కంపెనీల్లో చేరినవాళ్లూ ఉంటారు. వాళ్లు ఎక్కబోయేది నిట్టనిలువు రాయి.

ఊళ్లో పెద్దలకు ఈ రెండూ ఒకటే: కొరివితో తల గోక్కోవడం. కానీ రెండింటి లెక్క ఒకటి కాదు. తెలుగులో ‘సాహసం’ అన్న మాటకు ఇప్పుడు మెప్పు అర్థమే మిగిలింది. ధర్మశాస్త్రాల్లో మాత్రం అది బలప్రయోగంతో చేసే నేరం పేరు, పద్దెనిమిది వ్యవహార పదాల్లో ఒకటి. ఆ పాత అర్థం పూర్తిగా పోకుండా ఉంటే బాగుండేదేమో.

మూడు సెకన్లలో జరిగేది

స్కూటరు నూరు కిలోల పైచిలుకు, నడిపే కుర్రాడు అరవై కిలోలు అనుకుందాం. ఇద్దరి బరువూ కలిసి ఆనే గరిమనాభి మామూలుగా రెండు చక్రాల నడుమ, నేలకు రెండడుగుల పైన ఉంటుంది. ముందు చక్రం లేచేకొద్దీ అది వెనక్కి జరిగి, వెనక చక్రం నేలను తాకే చోటుకు సరిగ్గా పైకి వస్తుంది. చీపురుపుల్లను అరచేతిలో నిలబెట్టినట్టు, తూకం అక్కడే నిలుస్తుంది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేదీ అక్కడే. అక్కణ్నుంచి ఇంకాస్త వెనక్కి వాలితే ఇంజిను అవసరం కూడా లేదు, భూమే లాగేస్తుంది.

ఆ గీత దాటినప్పుడు కాపాడేది ప్రధానంగా వెనక బ్రేకు. 125 సీసీ లోపు బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి కంబైన్డ్ బ్రేకింగ్ తప్పనిసరి కాబట్టి, స్కూటర్లో ఎడమ లివర్ నొక్కితే ఆ బలంలో కొంత ముందు బ్రేకుకూ పోతుంది. నేల మీద అది ప్రాణం కాపాడే ఏర్పాటు. చక్రం గాల్లో ఉన్నప్పుడు ముందుకు చేరిన ఆ బలం వృథా. దానికి తోడు బ్రేకు కేబుల్ సాగి, లివర్ సగం దాకా ఒట్టిగా పోయే బండి అయితే ఆ ఆలస్యం చాలు.

ఇక్కడ శరీరమే ఎదురు తిరుగుతుంది. వెనక్కి పడిపోతున్న మనిషి చేతికి అందినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. చేతిలో ఉన్నది హ్యాండిలే. ఒళ్లు వెనక్కి పోతుంటే కుడి మణికట్టు వంగి యాక్సిలరేటర్ ఇంకా తిరుగుతుంది. తగ్గాల్సిన చోట వేగం పెరుగుతుంది, బండి కిందనుంచి ముందుకు జారిపోతుంది. ముందు నేలకు తగిలేది తోకఎముక, మోచేతులు, ఆ తర్వాత తల వెనక భాగం. చెవుల పైదాకా మాత్రమే కప్పే టోపీలాంటి హెల్మెట్ సరిగ్గా ఆ చోటునే వదిలేస్తుంది.

వెనక్కి పడకపోయినా గండం గడిచినట్టు కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేకు మీద చెయ్యి పడేసరికి ఒక సెకను పోతుంది, అంటే 14 మీటర్లు. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 16 మీటర్లు. మామూలుగా నడిపేవాడికి మొత్తం 30 మీటర్లు చాలు. వీలింగ్‌లో ఉన్నవాడు ముందుగా చక్రం దించాలి, దానికి ఇంకో సెకను, ఇంకో 14 మీటర్లు. పైగా హ్యాండిల్ అడ్డం వచ్చి ఎదురు రోడ్డు కనబడదు, హెడ్‌లైటు ఆకాశాన్ని చూస్తుంటుంది. దిగేటప్పుడు చక్రం రవ్వంత పక్కకు తిరిగి ఉన్నా నేల తాకగానే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. పదేపదే అలా దించిన బండికి హ్యాండిల్ కింది బేరింగు, అంటే కోన్‌సెట్, వదులవుతుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఆయిల్ సీళ్లు కారతాయి. ఆ బండిని ఆ తర్వాత కొనుక్కుని మర్యాదగా ఆఫీసుకు నడుపుకునేవాడికి ఈ సంగతి తెలియదు.

భయం లేకా?

మార్విన్ జుకర్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1964లో ఉద్వేగం కోసం వెతికే స్వభావాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. తర్వాతి రూపాల్లో అది నాలుగు పాయలైంది: ప్రమాదకరమైన ఆటల మీద మోజు, కొత్త అనుభవాల దాహం, కట్టుబాట్లు వదిలేసే గుణం, విసుగును తట్టుకోలేకపోవడం. ఈ నాలుగూ ఒకరిలోనే ఉండాలని లేదు. బండ ఎక్కే మనిషికి మొదటిది ఎక్కువగా ఉండి మూడోది తక్కువగా ఉండొచ్చు. ఉద్వేగం కావాలి కానీ కట్టుబాటు తప్పడు. రోడ్డు మీద విన్యాసాలకు దిగే కుర్రాళ్లలో మూడోదీ నాలుగోదీ కూడా కలిస్తే కథ వేరు.

తాడు లేకుండా కొండలెక్కే అలెక్స్ హానల్డ్ మెదడును 2016లో అమెరికాలో స్కాన్ చేశారు. మామూలుగా మనుషుల్ని కలవరపెట్టే బొమ్మలు చూపినా భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో కదలిక దాదాపు కనిపించలేదు. ఈ వార్త చూసి ‘పుట్టుకతోనే భయం లేదు’ అని తేల్చినవాళ్లున్నారు. ఒక్క మనిషి స్కాన్ నుంచి సూత్రం తీయలేం. అది పుట్టుకతో వచ్చిందా, ఏళ్ల తరబడి భయంతో సావాసం చేసి అణిగిందా అన్నదీ ఆ స్కాన్ చెప్పదు. గమనించాల్సింది ఇంకొకటి ఉంది: ఉద్వేగ స్వభావంలో అతనికి ఎంత ఎక్కువ మార్కులు వచ్చాయో, ముందుచూపులోనూ అంతే బాగా వచ్చాయి.

స్టీఫెన్ లింగ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1990లో స్కైడైవర్ల గురించి, అంటే విమానంలోంచి ప్యారాచూట్‌తో దూకేవాళ్ల గురించి, రాస్తూ వేరే మాట అన్నారు. ఆయన లెక్కలో వీళ్లు వెతికేది ప్రమాదాన్ని కాదు, ప్రమాదం అంచున తమ నైపుణ్యంతో నిలదొక్కుకున్నామన్న అనుభూతిని. రోజంతా ఎవరో రాసిన టికెట్లు మూస్తూ, ఎవరో పెట్టిన డెడ్‌లైన్ల కింద పనిచేసే మనిషికి ఆదివారం ఒక బండ మీద, తన వేళ్లూ తన నిర్ణయమే ఆధారంగా నిలబడటం ఎందుకు రుచిస్తుందో ఈ వాదనతో కొంత అర్థమవుతుంది. ఆఫీసులన్నీ ఖాళీ చేసి అందరూ కొండలెక్కడం లేదు కదా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

చూసే కళ్లు, తీసే ఫోన్లు

దీని మీద గట్టి ప్రయోగాలున్నాయి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు మూడు వయసుల వాళ్లతో ఒక కారు ఆట ఆడించారు. సిగ్నల్ పసుపు పడ్డాక ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, గోడకు గుద్దుకుంటే మొత్తం పోయినట్టు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు దాదాపు రెట్టింపు ప్రమాదానికి దిగారు. కాలేజీ వయసువాళ్లు సుమారు సగం ఎక్కువ. 24 దాటిన పెద్దల్లో పెద్దగా తేడా లేదు. ఆశ పెట్టే మెదడు భాగం టీనేజీలోనే జోరందుకుంటుంది, పగ్గం వేసే ముందరి భాగం ఇరవైల నడుమ దాకా ఎదుగుతూనే ఉంటుంది. స్నేహితుల సమక్షం ఈ ఎడాన్ని ఇంకా పెంచుతుంది. పదహారేళ్ల కుర్రాడికి ‘ప్రమాదం’ అని చెప్పడం వల్ల అందుకే పెద్ద ఫలితం ఉండదు. ఆ సంగతి వాడికి తెలుసు.

ఇంకా పదునైన ప్రయోగం 2010లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జరిగింది. 96 మంది స్కేట్‌బోర్డు కుర్రాళ్లు ఒక తేలిక విన్యాసం, ఒక కష్టమైన విన్యాసం చేశారు. మొదట మగ పరిశోధకుడి ముందు, తర్వాత కొందరు అతని ముందే, మిగతావాళ్లు ఒక అందమైన యువతి ముందు. యువతి చూస్తున్నప్పుడు విజయాలూ పెరిగాయి, పడిపోవడాలూ పెరిగాయి. రెండూ ఒకేసారి ఎలా పెరుగుతాయి? మూడో రకం తగ్గింది కాబట్టి. గాల్లోకి లేచాక కుదరదని తెలిసి బోర్డు వదిలేసి కాళ్ల మీద దిగే ప్రయత్నాలు తగ్గాయి. లాలాజలంలో టెస్టోస్టిరాన్ కూడా వాళ్లలో ఎక్కువగా కనిపించింది.

ఈ వ్యవహారం మొత్తానికి కీలకం ఇదే. చూసేవాళ్ల వల్ల ధైర్యం పెరిగిందనడం కంటే ‘వద్దులే’ అని వదిలేసే చర్య తగ్గిందనడం నిజానికి దగ్గర. ఫోన్ కెమెరా దాన్ని ఇంకా పైకి తీసుకెళ్లింది. వీలింగ్ పూర్తయితే రీల్, పడిపోతే కూడా రీల్. అనుమానం వచ్చి మధ్యలో నెమ్మదిగా చక్రం దించేస్తే అది వీడియో కాదు, డిలీట్.

2011 అక్టోబర్ నుంచి 2017 నవంబర్ దాకా వచ్చిన వార్తలను భారతీయ పరిశోధకులు గాలించి, సెల్ఫీలు తీసుకుంటూ ప్రపంచంలో 137 ఘటనల్లో 259 మంది చనిపోయినట్టు లెక్క తేల్చారు. అందులో 159 మంది భారత్‌లోనే. సగటు వయసు 23 లోపు, నూటికి 72 మందికి పైగా మగవాళ్లు. మునిగిపోవడం మొదటి కారణం. పత్రికల్లోకి ఎక్కినవే ఈ లెక్కలోకి వచ్చాయి కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే తక్కువ ఉండదు.

గెలుపు నేర్పే తప్పు పాఠం

‘ఇన్నిసార్లు చేశాను, ఏం కాలేదు’ అన్న మాటలో ఎంత నిజం ఉందో లెక్క వేసి చూడొచ్చు. ఒక విన్యాసంలో 500 సార్లకు ఒకసారి పెద్ద ప్రమాదం జరుగుతుందని ఊరికే అనుకుందాం. యాభైసార్లు చేసినవాళ్లు వందమంది ఉంటే, 90 మందికి ఏమీ కాదు. ఆ 90 మందీ తమ నైపుణ్యం వల్లే బతికామని నమ్ముతారు, ఇంకా కష్టమైనదానికి దిగుతారు. రోజుకోసారి చొప్పున ఏడాదంతా చేస్తే వందలో 48 మందే ఏ దెబ్బా లేకుండా మిగులుతారు. కొత్తగా వచ్చే కుర్రాడికి మెలకువలు చెప్పేది, రీళ్లలో కనిపించేది ఆ 48 మందే. మిగతావాళ్లు ఫిజియోథెరపీలో ఉంటారు, లేదా ఉండరు.

పరికరం మెరుగైతే ఈ లెక్క మారుతుందా? కొంతే. ప్యారాచూట్ తెరవడం మరిచిపోయినా, స్పృహ తప్పినా నిర్ణీత ఎత్తులో దానంతట అదే రిజర్వు ప్యారాచూట్ తెరిచే నమ్మకమైన ఎలక్ట్రానిక్ పరికరం 1991లో వచ్చింది. ప్యారాచూట్ తెరవక చనిపోయేవాళ్లు తగ్గారు. కానీ ఆ దశాబ్దంలోనే చక్కగా తెరుచుకున్న ప్యారాచూట్ కింద, చిన్న గుడ్డతో అతివేగంగా మలుపు తిప్పి దిగబోయి చనిపోయేవాళ్లు పెరిగారు. ఒకచోట మిగిలిన జాగ్రత్తను ఇంకోచోట ఖర్చు పెట్టేశారన్నమాట.

అయినా ఏర్పాట్లకు విలువ లేదనడం పొరపాటు. అమెరికాలో 2023లో సుమారు 36.5 లక్షల స్కైడైవ్‌లకు 10 మరణాలు. నార్వేలోని ష్యెరాగ్ కొండ అంచు నుంచి 1995–2005 మధ్య ప్యారాచూట్‌తో దూకిన 20,850 బేస్ జంప్‌లకు 9 మరణాలు, అంటే 2,300 దూకుళ్లకు ఒకటి. గుడ్డ అదే, గాలి అదే, తేడా నూట యాభై రెట్లకు పైన. విమానం నుంచి దూకేవాడికి మొదటిది తెరుచుకోకపోతే రెండోది ఉంది, నిర్ణయం మార్చుకోవడానికి ఎత్తు ఉంది, చుట్టూ ఖాళీ ఆకాశం ఉంది. కొండ అంచు నుంచి దూకేవాడికి సాధారణంగా ఒకటే ప్యారాచూట్. అది తిరగబడి తెరుచుకుంటే ఎదురుగా రాయి.

తాడు ఉన్నప్పుడు, లేనప్పుడు

రామనగరలోనూ సావనదుర్గలోనూ పద్ధతి ప్రకారం ఎక్కేవాళ్లు నేల వదలకముందే ఒకరినొకరు తడిమి చూసుకుంటారు. నడుముకు కట్టుకునే హార్నెస్ బకిల్, దాని దగ్గర ఎనిమిది ఆకారపు ముడి, కింద తాడు పట్టేవాడి బిలే పరికరంలో తాడు సరైన వైపు వెళ్లిందా, తాడును తగిలించే లోహపు కొక్కెం, అంటే కారబైనర్, లాక్ పడిందా. నిమిషం పని. కారబైనర్ గేటు మూసి ఉంటే పొడవునా కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నుల బరువు మోయాలి. గేటు తెరిచి ఉంటే మోయాల్సిన కనీస బలం 7. అదే కారబైనర్, మూడో వంతు బలం. తాడు సాగుతుంది కాబట్టే నడుము విరగదు. 80 కిలోల బరువుతో చేసే పరీక్షలో మొదటి కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు, కనీసం ఐదు పతనాలు తట్టుకోవాలి.

వీటిలో ఏదీ తెగడం చాలా అరుదు. జరిగేది ముడి సగంలో వదిలేసి కబుర్లలో పడటం, దిగేటప్పుడు తాడు చివర ముడి వేయకపోవడం. తాడు సరిపోక చివర బయటికి జారిపోతే కింద ఏమీ లేదు. తాడు లేకుండా ఎక్కడంలో పేరున్న బ్రాడ్ గోబ్రైట్ 2019లో మెక్సికోలో చనిపోయింది తాడు లేనప్పుడు కాదు. చివర ముడి వేయని తాడు మీద దిగుతున్నప్పుడు.

హానల్డ్ 2017 జూన్ 3న అమెరికాలోని ఎల్ క్యాపిటన్‌ను, సుమారు 900 మీటర్ల గోడను, తాడు లేకుండా 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కారు. లోకం గుర్తుపెట్టుకున్నది అదే. అంతకు ముందు 2016 నవంబర్లోనే మొదలుపెట్టి, కొంత ఎక్కాక మనసు ఒప్పక ఆపేశారు. ఆ రోజు వెనక్కి తిరగగలగడమే అతని పద్ధతికి రుజువు. తర్వాత తాడుతో అదే దారిని మళ్లీ మళ్లీ ఎక్కి, కాలు ఎక్కడ, వేలు ఎక్కడ అన్నది బట్టీపట్టారు.

అయితే దీన్నుంచి ‘సాధన చేస్తే చాలు’ అన్న నీతి తీస్తే మోసపోతాం. సాధన తప్పు జరిగే అవకాశాన్ని తగ్గిస్తుంది, తప్పు జరిగాక దాని ధరను తగ్గించదు. పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి, పడితే నేల తాకే వేగం గంటకు 50 కిలోమీటర్లు. దశాబ్దాల అనుభవం ఉన్న జాన్ బాకర్ 2009లో, 52 ఏళ్ల వయసులో, తాడు లేకుండా ఎక్కుతూనే పడిపోయి చనిపోయారు. కర్ణాటకలోనే చిత్రదుర్గ కోట గోడల మీద తాడు లేకుండా పాకే జ్యోతిరాజ్ వీడియోలు చూసి బండ మీదికి చేతులు చాచే పిల్లలకు కనిపించనిది అతను ఆ రాళ్ల మీద గడిపిన ఏళ్లు.

మధ్యాహ్నం రెండు గంటల నియమం

ఎవరెస్ట్ ఎత్తు 8,849 మీటర్లు. శిఖరం మీద ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో మూడో వంతు. అంత తక్కువ ఆక్సిజన్‌లో ముందు దెబ్బతినేది కాళ్లు కాదు, విచక్షణ. అందుకే వెనుదిరిగే వేళను కిందే, తల సరిగ్గా పనిచేస్తున్నప్పుడే ఖాయం చేసుకుంటారు. ఎక్కడ ఉన్నా సరే, శిఖరం కనిపిస్తున్నా సరే, ఆ వేళకు తిరగాలి. 1996 మే 10న చాలామంది మధ్యాహ్నం రెండు దాటాక కూడా పైకే నడిచారు. సాయంత్రం తుపాను వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఎనిమిది మంది చనిపోయారు.

తెలివైనవాళ్లు ఆ నియమాన్ని ఎందుకు మీరతారు? పెట్టిన డబ్బు ఒక కారణం. నేపాల్ వైపు నుంచి ఎక్కడానికి విదేశీయులు కట్టే పర్మిట్ ఫీజే 2025 సెప్టెంబర్ నుంచి 15,000 డాలర్లు. షెర్పాలు, ఆక్సిజన్, తిండి, బీమా వేరే. స్పాన్సర్లు, ఊళ్లో కట్టిన ఫ్లెక్సీలు, రెండేళ్ల శిక్షణ కలిసి శిఖరానికి వంద మీటర్ల దూరంలో కాళ్లను ముందుకే తోస్తాయి. స్కేట్‌బోర్డు కుర్రాళ్లను చూసిన యువతి స్థానంలో ఇక్కడ మొత్తం ఊరు ఉంది.

నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. దాని వెనుక భువనగిరి బండల మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్ దాకా సాగిన దశలవారీ శిక్షణ, ఆపమంటే ఆపించే జట్టు ఉన్నాయి. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. నైపుణ్యంలో ఎవరికీ తీసిపోరు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి ప్రతికూల వాతావరణంలో ప్రాణాలు కోల్పోయారు. పక్కన ఇంకో మనిషి లేనప్పుడు, చిన్న ఇబ్బంది పెద్దది కాకుండా అడ్డుకునేది ఏదీ ఉండదు.

చట్టం, బీమా, ట్రాక్

రోడ్డు మీద వీలింగ్‌కు మోటారు వాహనాల చట్టంలో ప్రమాదకర డ్రైవింగ్ గురించి చెప్పే సెక్షన్ 184, పందేలైతే సెక్షన్ 189 వర్తిస్తాయి. 2019 సవరణ తర్వాత పందేనికి మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే ఏడాది, 10,000. తల్లిదండ్రులు గమనించాల్సింది సెక్షన్ 199ఎ. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా సంరక్షకుడు, బండి యజమాని దోషులుగా లెక్క: మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. తమకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోవాల్సిన భారం తల్లిదండ్రుల మీదే.

బీమా పత్రంలో ‘వాడకం పరిమితులు’ అన్న చోట పందేలకూ వేగ పరీక్షలకూ కవరేజీ లేదని ఉంటుంది. చాలా వ్యక్తిగత ప్రమాద పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి కాబట్టి, రామనగర వెళ్లేవాళ్లు కూడా ఆ పేజీ చదవాలి. బండ ఎక్కడం నేర్చుకోవాలంటే నగరం నడిబొడ్డునే కంఠీరవ స్టేడియంలో క్లైంబింగ్ గోడ ఉంది.

బండి మోజుకు అంత దగ్గర్లో దారి లేదు. చెన్నై హైవే మీద శ్రీపెరుంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ దాకా పోవాలి. మూడు వందల కిలోమీటర్లు పోయి, డబ్బు కట్టి, ఒంటినిండా లెదర్ సూట్ వేసుకుని తిరగడం దేవనహళ్లి రోడ్డంత చవక కాదు, పోలీసులు తరిమే థ్రిల్లూ ఉండదు. ఆ రోడ్డు మీద కుర్రాళ్లు తగ్గకపోవడానికి సగం కారణం అదే. ట్రాక్‌లో ఎదురు బండి రాదు, మలుపు తప్పితే ఖాళీ నేల ఉంటుంది, అంబులెన్సు ఇంజిను ఆపకుండా నిలబడి ఉంటుంది. మార్షల్ ఎర్ర జెండా ఊపితే ఎంత జోరు మీదున్నా అందరూ వేగం తగ్గించి, ట్రాక్ పక్కన బండ్లు ఆపే పిట్‌లోకి వచ్చేయాలి. ఆగాలా వద్దా అని అక్కడ నడిపేవాణ్ని ఎవరూ అడగరు.